చేదుగా లేని బెల్లం

ఆ దిండు ఇలా తెండి. పండూ, కాళ్ళు ముడుచుకోరా, నీ బొటనవేలు నా మోకాలికి గుచ్చుకుంటోంది. లల్లీ, నువ్వు గోడవైపు జరుగు. ఊ కొట్టేవాళ్ళు గట్టిగా కొట్టాలి, ముందే చెబుతున్నా. మీరు ఊ కొట్టకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది. కథ సగంలో ఆగిపోతే తెల్లవార్లూ మీ కడుపులో గుడగుడలాడుతుంది. ఆ పైన నన్ననకండి.

అనగనగా చెరుకు తోటల నడుమ ఒక ఊరు. తూర్పుకెళ్ళినా చెరుకే, పడమరకెళ్ళినా చెరుకే. ఊరి చివర గానుగ, గానుగ పక్కనే బెల్లం వండే పాక. ఆ పాకలో పెనం పొయ్యెక్కిందంటే దారిన పోయే ఎద్దులు కూడా ఆగి వాసన చూసేవిట. అలాంటి బెల్లం ఏడు ఊళ్ళు తిరిగినా దొరకదు. కానీ ఆ ఊళ్ళో ఒక వింత. మీ బెల్లం ఎలా ఉంటుందయ్యా అని అడిగితే, తియ్యగా ఉంటుందని ఒక్కడూ అనడు. చేదుగా ఉండదు అంటాడు.

నవ్వకండర్రా, నిజమే చెబుతున్నా. బెల్లమొక్కటేనా. కూర కుదిరిందా అంటే మాడలేదు అనేవాళ్ళు. వాన పడిందా అంటే ఇల్లు కొట్టుకుపోలేదు అనేవాళ్ళు. కొత్తకోడలు ఎలా ఉందంటే ముక్కు ముక్కు చోటే ఉంది అనేవాళ్ళు. పేర్లు కూడా అంతే. ఊరిపెద్ద కుప్పయ్య, ఆయన తమ్ముడు పెంటయ్య, వాళ్ళ చెల్లెలు చీపురమ్మ. మంచి పేరన్నది ఆ ఊళ్ళో మందుకి కూడా దొరకదు.

ఒకసారి రాజుగారు వేటకి పోతూ ఆ దారినొచ్చి, బెల్లం వాసనకి గుర్రం దిగాడు. మీ ఊరి బెల్లం గురించి చాలా విన్నాను, ఎలా ఉంటుందేమిటి అని ముచ్చటపడి అడిగాడు. కుప్పయ్య చేతులు కట్టుకుని, చేదుగా ఉండదు ప్రభూ అన్నాడు. ఇంకా నయం, నోట్లో పెట్టుకుంటే చచ్చిపోరు అనలేదు. రాజుగారు మొహం అదోలా పెట్టి, వీళ్ళ బెల్లం మీద వీళ్ళకే నమ్మకం లేదు, నాకెందుకొచ్చింది అని గుర్రం తిప్పేశాడు. ఊ కొడుతున్నారా?

మరి అంత తెలివితక్కువ వాళ్ళా అంటే, భయమర్రా, భయం. ఆ ఊళ్ళో ఒక దయ్యం ఉంది. దయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని మీకెవరు చెప్పారో గానీ, ఇది మిట్టమధ్యాహ్నం దయ్యం. మాడిపోయిన జుట్టు, ఒళ్ళంతా మసి, చేతిలో పాకం కలిపే పేద్ద తెడ్డు. తెడ్డు దయ్యం అనేవాళ్ళు. ఊళ్ళో ఎవరు దేన్ని బాగుందన్నా సరే, ఆ మధ్యాహ్నమే బెల్లం పాకలోంచి లేచి ఆ గుమ్మం ముందుకొచ్చి నిలబడేది. ఆ బాగున్నది కాస్తా పోయేది. అంచేత బాగుంది అన్న మాటనే ఊరంతా మింగేసింది.

అలాంటి ఊరికి కోడలై వచ్చింది వరాలు.

వరాలు పుట్టింటివాళ్ళదీ బెల్లం వండే బతుకే. వాళ్ళమ్మ పొయ్యి ముందు కూర్చుని చెరుకు పిప్పి ఎగదోసీ ఎగదోసీ, పొగకి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకునేది. వాళ్ళ నాన్న మాత్రం ముద్ద ముద్దకీ భలే వండావే అనేవాడు. ఆ ఒక్క మాటకి ఆవిడ కళ్ళమంట మరిచిపోయేది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల వచ్చి ఈ ఇంట్లో పడింది. కోడలి పేరు వరాలు అని వినగానే అత్త పెంటమ్మ రెండు చెవులూ మూసుకుంది. అంత మంచి పేరు పెట్టి పిలిస్తే దయ్యం వచ్చి గుమ్మంలో కూర్చోదూ? ఆ రోజునుంచి కోడల్ని పిడక అని పిలిచింది. పిడకా నీళ్ళు తే, పిడకా పొయ్యి వెలిగించు, పిడకా ఇలా రా. మొగుడు తవిటయ్య మంచివాడే. నోట్లో వేలు పెడితే కొరకలేడు. ఆ నోట్లోంచి మాట కూడా రాదు, అదీ వచ్చిన చిక్కు.

వరాలు రోజూ బెల్లం పాకలో పొయ్యి ముందు కూర్చునేది. అక్కడొక సంగతి ఆ పిల్లకి మొదటిరోజే తెలిసింది. ఎంత మంట పెట్టినా కళ్ళు మండవు. పొయ్యి వెనకాల నేలలోంచి సొరంగంలాగ దారి తవ్వి, పొగంతా పాక బయటికి పోయేలా కట్టారెవరో. అది చూసి వరాలుకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఈ పొయ్యి కట్టిందెవరు అని అడిగింది. ఎవరో కట్టార్లే, ఇంకా కూలలేదుగా అన్నారు. అంతే, ఇంకెవర్నీ అడగలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. చాకిరీ వరాలుకి బరువనిపించలేదు. ఒక్క మంచి మాట లేకుండా బతకడమే కష్టమయ్యింది. పులుసు పెడితే విరగలేదు అంటారు, ముగ్గు పెడితే చెరగలేదు అంటారు. పిడకా అంటే ఓయ్ అని తనే పలకడం అలవాటైపోయింది. అద్దంలో చూసుకోవడం కూడా మానేసింది పాపం.

అప్పుడు పుట్టిందర్రా, ఒక ఆడపిల్ల. బూరెబుగ్గలు, గుండ్రంటి కళ్ళు, అచ్చం మన లల్లిలాగే. ఒకనాడు పొద్దున్నే వరాలు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. నీళ్ళు మొహమ్మీద పడగానే పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి వరాలు ఒళ్ళు మరిచిపోయి, నా తల్లే, ఎంత బాగున్నావే అనేసింది.

అనేశాక తెలిసింది. వెనకాల అత్త చేతిలో చేట దబ్బున కింద పడింది.

కొంప ముంచావే పిడకా, కొంప ముంచావు అని పెంటమ్మ గుండెలు బాదుకుంది. మధ్యాహ్నానికి దయ్యం వస్తుంది, పిల్లని తీసుకుపోతుంది. ఇక ఒకటే దారి, పిల్లని తవుడుకి అమ్మెయ్యాలి అంది. మీకు తెలీదు గానీ మా చిన్నప్పుడుండేది ఆ ఆచారం. పిల్లలు బతక్కపోతే, పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి, ఎవరిదగ్గరో చేటెడు తవుడు పుచ్చుకుని అమ్మినట్టు చేసేవాళ్ళు. తవుడుకి అమ్ముడుపోయినవాణ్ణి ఏ దయ్యం కోరుతుంది చెప్పండి. తవిటయ్య పేరు అలా వచ్చిందే. అయితే అది ఉత్తుత్తి అమ్మకం, సాయంత్రానికి పిల్లాడు ఇంటికొచ్చేసేవాడు. ఇది అలా కాదు. ఆ దయ్యం ఊరి పొలిమేర దాటదు గనక పిల్ల పొలిమేర దాటిపోవాలి, మళ్ళీ ఎప్పటికీ తిరిగి రాకూడదు. పక్కూళ్ళో పిల్లలు లేని చిట్టెమ్మని తీసుకు రమ్మని పెంటమ్మ కొడుకుని తరిమింది. వాడు తల దించుకుని వెళ్ళాడు.

వరాలు పిల్లని గుండెకి అదుముకుని అత్తని ఒక్కొక్కటే అడిగింది. ఇంతకుముందు దయ్యం ఏమేం తీసుకుపోయిందత్తా అంది.

కుప్పయ్య గేదెని బాగుందన్నారు, గేదె పోయింది అంది అత్త.

గేదె పలుపు ఎవరి చేతిలో ఉంది? కుప్పయ్య చేతిలో. మరి కుప్పయ్యేం చేశాడు? దయ్యాన్ని చూసి పలుపు వదిలేసి పరిగెత్తాడు. గేదె ఎటు పోయింది? అడివిలోకి పోయింది.

చీపురమ్మ పాలు బాగున్నాయన్నారు, పాలు పోయాయి. పాలు పొయ్యి మీద ఎవరు పెట్టారు? చీపురమ్మ పెట్టింది. మరి చీపురమ్మేం చేసింది? పరిగెత్తింది. పాలెటు పోయాయి? పొంగి పొయ్యిలోకి పోయాయి.

అయితే అత్తా, దయ్యం ఏదీ పట్టుకుపోలేదుగా, మీరే వదిలేసి పారిపోయారు, పారిపోకుండా నిలబడ్డవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అంది వరాలు. పెంటమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు పెద్దవాళ్ళేం చేస్తారు? కోప్పడతారు. నాతో వాదనలు పెట్టుకోకు, నోరు మూసుకో అని కసిరి, తవుడు కోసం కొట్టుగదిలోకి పోయింది.

ఇంట్లో ఉంటే అత్త, పాకలోకి పోతే దయ్యం. అత్త పిల్లని ఇచ్చెయ్యడం ఖాయం. నిలబడితే దయ్యం ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు. తెలీనిదాన్నే నమ్ముకుంటానని వరాలు పిల్లని చంకనేసుకుని గబగబా పాకలోకి నడిచింది.

ఊ కొట్టండర్రా. పండూ, దుప్పటి మొహమ్మీంచి తియ్యి, ఏం కాదు. అమ్మమ్మ ఉందిగా.

వరాలు ధైర్యవంతురాలని మీరనుకుంటున్నారేమో. ఏం లేదు. బల్లిని చూస్తే గదిలోంచి పారిపోయే రకం. దయ్యాన్ని చూడగానే నేనూ పరిగెడతాను, నా సంగతి నాకు తెలుసు అనుకుంది. అనుకుని ఏం చేసిందంటే, పాకకి నడిమధ్యన నిట్రాట ఉంటుందే, కప్పంతా మోసే పెద్ద స్తంభం, దానికి తన చీర కొంగు కట్టేసుకుంది. ఒక ముడి కాదు, ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. పరిగెడదామన్నా కదల్లేకుండా. పిల్లని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

ఎండ నడినెత్తికొచ్చింది. పాకలో నీడలన్నీ కాళ్ళకిందికి పోయాయి. మాడిన పాకం వాసన గుప్పుమంది. పొయ్యిలోంచి మసి లేచింది, మసిలోంచి జుట్టు లేచింది, జుట్టు కింద మొహం, మొహం కింద ఒళ్ళు, చేతిలో తెడ్డు. వచ్చేసింది తెడ్డు దయ్యం.

వరాలు కాళ్ళు పరిగెత్తాయి. కొంగు పట్టి లాగింది. మళ్ళీ పరిగెత్తాయి, మళ్ళీ లాగింది. ఇక లాభం లేదని నిలబడింది. ఇంత దగ్గరగా నిలబడ్డ మనిషిని దయ్యం ఎప్పుడూ చూడలేదేమో, అదీ ఆగిపోయింది. పొద్దున్న ఏదో బాగుందన్నావు, ఏది బాగుంది అని అడిగింది.

భయంతో వరాలు నోటికొచ్చిందల్లా వాగేసింది. అమ్మా నీ జుట్టు బాగుంది, నీ రంగు బంగారంలా ఉంది, నువ్వు సాక్షాత్తూ మహాలక్ష్మివి అంది. అబద్ధమని దానికి తెలీదా? జుట్టంటే దయ్యం జానెడు పెరిగింది. రంగంటే మూరెడు పెరిగింది. మహాలక్ష్మి అనేసరికి తల పాక కప్పుకి తగిలి తాటాకులు గలగలమన్నాయి. బతికున్నన్నాళ్ళూ ఒక్క నిజం మాట దక్కలేదు, చచ్చాక కూడా ఉత్తమాటలేనా అని తెడ్డెత్తింది.

వరాలు కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూస్తూ, పొయ్యికింత దగ్గరగా నిలబడ్డాను, ఇంత మసి లేచింది, అయినా నా కళ్ళు మండటం లేదేమిటి అనుకుంది. చంకలో పిల్లకీ మండటం లేదు. ఆ మాటే బయటికొచ్చింది. అమ్మా, ఈ పొయ్యి ఎవరు కట్టారో నాకు తెలీదు. మా అమ్మ కళ్ళు పొగకి పాడైపోయాయి. నావీ పాడైపోతాయనుకున్నాను. ఇన్నేళ్ళు ఈ పొయ్యి ముందు కూర్చున్నా నా కళ్ళు బాగున్నాయి. ఆ కట్టినవాళ్ళకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను అంది.

దెబ్బ పడలేదు. వరాలు ఒక కన్ను తెరిచి చూసింది. దయ్యం కప్పు దగ్గర లేదు. రెండో కన్ను తెరిచింది. ఎదురుగా ఒక ముసలామె, మన వీధిలో కూరలమ్మే మామ్మంత ఉంది. తెడ్డు కిందికి దించేసింది. కళ్ళలోంచి నీళ్ళు మసి మీద చారలు కడుతున్నాయి.

నేనే కట్టానే అంది. నా పేరు అచ్చియ్యమ్మ. ఈ ఊరికి బెల్లం వండిందాన్ని. వయసంతా ఈ పెనం ముందే పోయింది. పెనం దించిన ప్రతిసారీ ఎలా కుదిరిందర్రా అని అడిగేదాన్ని. మెచ్చుకుంటే నెత్తికెక్కుతానని కాబోలు, చేదుగా లేదులే అనేవాళ్ళు. చివరి పెనం దించాను, అందరికీ పంచాను, ఎలా ఉందని అడిగాను, జవాబు వినకుండానే పోయాను. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరు బాగుందన్నా, నా బెల్లమేనేమో అని పరిగెత్తుకొస్తాను. నేనొచ్చేసరికి అందరూ పారిపోతారు. ఎవర్ని అడగనే తల్లీ అంది.

చూశారా. అది ఎవర్నీ పట్టుకుపోడానికి రాలేదర్రా, అడగడానికొచ్చింది.

పోనీ నువ్వు చెప్పు, ఆ చివరి బెల్లం ఎలా ఉంది అని అచ్చియ్యమ్మ వరాలుని అడిగింది. చాలా బాగుందని వరాలు నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే ప్రాణం గట్టెక్కుతుంది, పిల్ల దక్కుతుంది. కానీ తను ఆ బెల్లం తిన్లేదు. తిననిదాన్ని తీపి అంటే ఆ ముసలామెని మళ్ళీ మోసం చేసినట్టే. వరాలు పిల్లని గట్టిగా పట్టుకుని, నాకు తెలీదమ్మా, నేనప్పటికింకా పుట్టలేదు అని నిజం చెప్పేసింది.

అచ్చియ్యమ్మ మొహం వాడిపోయింది. అయితే ఇక చెప్పేవాళ్ళే లేరన్నమాట అంది. జుట్టులోంచి మళ్ళీ పొగ లేవడం మొదలయ్యింది.

సరిగ్గా అప్పుడు మూలనున్న చెరుకు పిప్పి కుప్ప కదిలింది. అందులోంచి ముందొక చేట వచ్చింది, చేట వెనకాల పెంటమ్మ వచ్చింది. పిల్లని లాక్కుపోదామని కోడలి వెనకాలే వచ్చి, దయ్యాన్ని చూసి ఆ కుప్పలో దూరింది. తవుడంతా నెత్తిన పోసుకుంది. నుదుటి మీద తవుడు, కనుబొమల మీద తవుడు. పాక్కుంటూ వచ్చి, ఊరి వరసకి అత్తయ్యే అచ్చియ్యమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

తియ్యగా ఉందత్తా అంది.

ఆ ఊళ్ళో ఆ మాట ఎన్ని తరాలకి వినబడిందో. చాలా తియ్యగా ఉంది, పెంటమ్మ ఆపలేదు, నేనప్పుడు కొత్తకోడల్ని. మీరంతా అటు తిరిగాక పెనం అంచులు గోకి గోకి తిన్నాను. ఆ తీపి ఇప్పటికీ నా నాలిక మీదే ఉంది. ఆ వేళే చెబుదామనుకున్నాను. అందరూ నవ్వుతారని నోరు రాలేదు. పొద్దున్నే చెబుదాంలే అనుకున్నాను. పొద్దున్నకి నువ్వు లేవు అని భోరుమని ఏడ్చింది.

అచ్చియ్యమ్మ నవ్విందిట. పళ్ళు లేని నోటితో, మనం నవ్వినట్టే. అంచులు గోకింది నువ్వా, ఎలకలనుకున్నానే అంది. ఈలోగా చంకలో పిల్ల ఊరుకుందా, చెయ్యి చాపి ఆ తెడ్డు పట్టుకుని నోట్లో పెట్టేసుకుంది. తెడ్డుకింకా ఏనాటి తీపో అంటుకుని ఉంది కాబోలు, చప్పరిస్తూ కూర్చుంది. తెడ్డు దానికే వదిలేసి, అచ్చియ్యమ్మ పొయ్యిలోకి పోయి, పొగలో పొగై, తను తవ్విన దారిలోంచే బయటికెళ్ళిపోయింది. మరింక రాలేదు.

పెంటమ్మ లేచి కోడలి కొంగు విప్పబోయింది. ముడి మీద ముడి, దాని మీద ముడి. గోళ్ళతో పీకింది, రాలేదు. పళ్ళతో లాగింది, రాలేదు. చివరికి ఆయాసపడుతూ, ముడి బాగా వేశావే వరాలూ అంది.

వరాలూ అంది. పిడకా అనలేదు. దయ్యం ముందు ఒక్క కన్నీటి బొట్టు రాల్చని వరాలు అప్పుడేడ్చింది. అత్త భుజమ్మీద తల పెట్టుకుని, తవుడు మొహానికంటుకుంటున్నా చూసుకోకుండా ఏడ్చింది.

అప్పుడే తవిటయ్య చిట్టెమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే జన్మలో మొదటిసారి నోరు విప్పి, నా పిల్లని నేనివ్వను అన్నాడు. దారంతా ఆ ఒక్క మాటే కూడదీసుకుంటూ వచ్చాట్ట. పెంటమ్మ చిట్టెమ్మ చేతిలో బెల్లం దిమ్మ పెట్టి, పిల్లని ఇవ్వంగానీ, ఎప్పుడు ముద్దాడాలనిపించినా వచ్చి వెళ్ళు, నీ ఇల్లే అనుకో అంది. చిట్టెమ్మ బెల్లం కొరికి, తియ్యగా ఉందే అంది. చెరుకు తోటలో నక్కి చూస్తున్న ఊరంతా ఊపిరి బిగబట్టి పాకవైపు చూసింది. ఏదీ రాలేదు. వడగాలి కూడా రాలేదు.

ఇక చూసుకోండి ఆ ఊరి సంబరం. తెలివితక్కువ వాళ్ళు తెలివి తెచ్చుకుంటే ఒక్కసారే తెచ్చుకుంటారు. కుప్పయ్య పేడకడిని చూసి బాగుందన్నాడు, కుంటి కుక్కని చూసి ఏం నడకో అన్నాడు. వరాలే ఆపింది. చూసింది చెప్పండి మావయ్యా, చూడంది చెప్పకండి, అబద్ధం చెబితే దయ్యం ఎంత ఎత్తు పెరుగుతుందో నేను చూశాను అంది. పిల్లకి అచ్చియ్యమ్మ అని పేరు పెట్టారు. రాజుగారు మళ్ళీ ఆ దారినొచ్చినప్పుడు కుప్పయ్య ఎదురెళ్ళి, మా బెల్లం తియ్యగా ఉంటుంది ప్రభూ, మా అచ్చియ్యమ్మ నేర్పింది అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు. బండ్లకొద్దీ బెల్లం కోటకెళ్ళింది. అందరూ హాయిగా ఉన్నారు.

నీతేమిటా? దయ్యం ముందు నిలబడటం ధైర్యమే. కాదన్ను. కానీ పక్కనున్న మనిషి మొహం చూసి ఒక మంచి మాట అనడానికి అంతకన్నా ధైర్యం కావాలి. నమ్మరా? అయితే అడుగుతాను చెప్పండి. ఇవాళ సాయంత్రం మీ అమ్మ చేసిన మామిడికాయ పప్పు ఎలా ఉంది? కంచాలు ఊడ్చేశారుగా, నేను చూశాను. ఒక్కరైనా ఆ మాట మీ అమ్మతో అన్నారా? పొద్దున్న చెబుతారా? పెంటమ్మ కూడా అలాగే అనుకుంది.

అదిగో, దుప్పట్లు ఎగిరిపోయాయి. మెల్లిగా వెళ్ళండర్రా, గడప తగులుతుంది.

విన్నారా, ఏం కావాలర్రా మీకు ఈ వేళప్పుడు అంటోంది మీ అమ్మ. అంటుంది మరి, అలవాటు లేని మాట. ఏమీ వద్దని చెప్పండి. ఊరికే చెప్పామని చెప్పండి.

ఆ, వచ్చారా. అంట్లు తోమే చప్పుడు ఆగిపోయింది చూడండి. కాసేపు ఆగనివ్వండి. రండి, పడుకోండి. కథేమో బెల్లం బండెక్కి కంచికి పోయింది, మనమేమో ఇంట్లో దుప్పట్లోకి.